ఉద్యాన చికిత్స – వృత్తి నమోదు ఆవశ్యకత

మొక్కను పెంచడం మనస్సుకు ఊరట కలిగిస్తుందన్న సంగతి మనవారికి కొత్తది కాదు. పెరటిలో నాలుగు మొక్కలకు నీరు పోసి, ఆ పచ్చదనం చూచి సేదదీరని గృహస్థు అరుదు. ఈ సామాన్యానుభవమే గత శతాబ్దంలో ఒక చికిత్సా విధానంగా రూపొందింది. మానసిక వ్యాధిగ్రస్తులకు, పక్షవాతం వలన చేయి స్వాధీనం తప్పినవారికి, మతిమరపు ఆవరించిన వృద్ధులకు విత్తు నాటడం, నారు పోయడం, కలుపు తీయడం వంటి పనుల ద్వారా స్వస్థత చేకూర్చే ఈ ప్రయత్నాన్ని ఉద్యాన చికిత్స అంటున్నారు. దీనిని చేయించేవారి అర్హత ఏమిటి? వారు ఎవరికి జవాబుదారులు? ఈ రెండు ప్రశ్నలపై మా అభిప్రాయాన్ని విద్యార్థుల ముందు, కళాశాల కార్యవర్గం ముందు ఉంచదలచాం.

ఈ వృత్తి చరిత్రలోనే ఈ ప్రశ్నలకు బీజం ఉన్నది. అమెరికా వైద్యుడు బెంజమిన్ రష్ 1812లో వెలువరించిన మానసిక వ్యాధుల గ్రంథంలో ఒక విశేషాన్ని గమనించాడు. కట్టెలు కొట్టి, తోట తవ్వి, బట్టలు ఉతికి, నేల కడిగిన రోగులు తరచు కోలుకొంటున్నారనీ, హోదా కారణంగా ఏ పనీ చేయని సంపన్న రోగులు క్షీణిస్తున్నారనీ ఆయన వ్రాశాడు. ఈ మాటలో తోటపనీ, నేల కడగడమూ పక్కపక్కనే ఉన్నవి. చికిత్స ఎక్కడ ముగుస్తుందో, ఊడిగం ఎక్కడ మొదలవుతుందో ఆనాటి నుంచీ తేలని విషయమే. ఆ తరువాత ఎన్నో చికిత్సాలయాలు రోగుల చేత పొలాలు సాగు చేయించి, కూలి ఇవ్వకుండా పంట అనుభవించాయి. చివరకు 1973లో వాషింగ్టన్‌లోని ఫెడరల్ న్యాయస్థానం అటువంటి రోగి శ్రామికులకు కూడా కనీస వేతన చట్టం వర్తిస్తుందని తీర్పు చెప్పవలసి వచ్చింది.

ఆ సంవత్సరమే ఉద్యాన చికిత్సకులు ఆ దేశంలో ఒక సంఘంగా ఏర్పడ్డారు. నేడు అది అమెరికన్ హార్టికల్చరల్ థెరపీ అసోసియేషన్ అన్న పేరుతో ప్రసిద్ధం. ఆ సంఘం ఒక నమోదు పద్ధతిని, నీతి నియమావళిని ఏర్పరచింది. నమోదు కోరేవారు పట్టభద్రులై ఉండాలి. ఉద్యానశాస్త్రాన్నీ, మానవ స్వభావ శాస్త్రాలనూ, ఉద్యాన చికిత్సనూ చదవాలి. అనుభవజ్ఞుని పర్యవేక్షణలో 480 గంటలు పనిచేయాలి. ఈ నమోదు స్వచ్ఛందమే గాని చట్టం నిర్బంధించినది కాదు. అయినా దీని వలన ఒక మేలు జరిగింది. ఆహ్లాదం కోసం చేసే తోటపని వేరు, చికిత్స వేరు అన్న విభజన స్పష్టపడింది. రోగి పరిస్థితిని పరీక్షించి, అతనికొక లక్ష్యం నిర్ణయించి, ఏ మేరకు సాధించాడో వ్రాసి ఉంచినప్పుడే అది చికిత్స అవుతుంది.

మొక్కలు నాటించడానికి ఇంత తతంగమా అని కొందరు ఆక్షేపించవచ్చు. వారు ఈ విషయాలు ఆలోచించాలి. క్లోర్‌ప్రొమజిన్ వంటి మందు వాడే రోగి చర్మం ఎండకు త్వరగా కమిలిపోతుంది. లిథియం సేవించే రోగికి చెమట ఎక్కువగా పట్టి, ఒంటిలో నీరు తగ్గితే ఆ మందే విషమయ్యే ప్రమాదం ఉన్నది. మధుమేహం వలన పాదాల స్పర్శ తగ్గినవాడు చెప్పులు లేకుండా మడిలో దిగితే, ముల్లు గుచ్చుకొన్న సంగతి పుండు పడే వరకు తెలియదు. మన తోటలలో అందంగా పూచే గన్నేరు గుండెను ఆపగల విషం. ఇక పురుగుమందు మాట చెప్పనక్కరలేదు. అది ఎన్ని కుటుంబాలను చీకటి చేసిందో మన పల్లెలకు తెలుసు. ప్రాణం మీద విరక్తి కలిగిన రోగి తిరిగే తోటలో ఆ డబ్బా తాళం లేని గదిలో ఉండటం ఎంత అపాయకరం! మంచి తోటమాలికి మొక్క తెలుసు, మంచి నర్సుకు రోగి తెలుసు. చికిత్సకునికి రెండూ తెలియాలి. 'నీమ్ హకీమ్ ఖత్రా-ఎ-జాన్' అన్న ఉర్దూ సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

జ్ఞానంతో పాటు నీతి కూడా కావాలి. రోగి పండించిన కూరగాయలు ఎవరివి? అమ్మితే ఆ డబ్బు ఎవరికి చెందుతుంది? నేడు పనిచేయనని రోగి అంటే ఆ మాటకు విలువ ఉన్నదా? దాతలను మెప్పించడానికి అతని ఫోటో అచ్చు వేయవచ్చునా? మన దేశపు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వీటిలో కొన్నింటికి జవాబు చెప్పింది. చికిత్సాలయంలో రోగి చేత బలవంతంగా పని చేయించరాదనీ, చేసిన పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలనీ, అనుమతి లేనిదే ఫోటోలు పత్రికలకు ఇవ్వరాదనీ శాసించింది. అయితే చట్టం సంస్థ గడప వరకు వస్తుంది. తోటలో రోగి పక్కన నిలబడే వ్యక్తిని కట్టిపడవేసేది అతని వృత్తి ధర్మమే.

నమోదును వ్యతిరేకించేవారి వాదంలో బలం లేకపోలేదు. పట్టాలు లేకున్నా చేతి చలువ ఉన్న మాలీలు ఉన్నారు. ప్రేమతో సేవ చేసే స్వచ్ఛంద కార్యకర్తలు ఉన్నారు. రుసుములు, కాగితాలు వీరిని తరిమివేస్తాయని వారి భయం. కాని మేము కోరేది తోటకు తాళం వేయడం కాదు. ఎవరైనా ఎవరితోనైనా మొక్కలు నాటించవచ్చు. చికిత్సకుడు అన్న పేరు పెట్టుకొని రోగి వద్ద రుసుము పుచ్చుకొనేవాడు మాత్రం పట్టికలో ఉండాలి. అనుభవజ్ఞులైన మాలీలకు స్వల్పకాలిక శిక్షణ ఇచ్చి, సహాయకులుగా నమోదు చేయవచ్చు. ఇక సదుద్దేశం ఒక్కటే చాలునన్న వాదానికి ఏర్వాడి దుర్ఘటన సమాధానం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఆ ఊరిలో, స్వస్థత కోసం బంధువులు తెచ్చి విడిచిన 28 మంది మానసిక రోగులు గొలుసులతో కట్టివేయబడి ఉండగానే మంటలలో మరణించారు. ఆ బంధువులలో సదుద్దేశం లేనివారు ఎందరు? పర్యవేక్షణ లేనిచోట సదుద్దేశం రోగిని కాపాడదు.

మన దేశంలో ఈ వృత్తి ఇంకా వేళ్లూనలేదు. బెంగుళూరు నిమ్హాన్స్ పునరావాస విభాగంలో తోటపనికి చోటున్నది. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వృత్తి చికిత్సకులను గుర్తించింది గాని, ఉద్యాన చికిత్సకుణ్ణి ప్రత్యేకంగా పేర్కొనలేదు. లోపాలు ముదిరిన తరువాత దిద్దడం కన్న మొలక దశలోనే కట్టుబాటు ఏర్పరచడం తేలిక. వెంకటరామన్నగూడెంలో, ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయాలున్నవి. అవి వైద్య కళాశాలల మానసిక వైద్య విభాగాలతో చేయి కలిపి ఒక పాఠ్యక్రమాన్ని రూపొందించాలి. పట్టిక, నియమావళి, ఫిర్యాదు విని అవసరమైతే పేరు తొలగించగల సంఘం – ఈ మూడూ ఒక్కసారిగా రావాలి. పేరు తొలగించే అధికారం లేని పట్టిక కేవలం చిరునామాల పుస్తకం.

మా కళాశాలలో వృక్షశాస్త్రం చదివే విద్యార్థులలో చాలామంది ఉద్యోగం ఏమి దొరుకుతుందన్న చింతతోనే పట్టా పుచ్చుకొంటున్నారు. వారికి ఇదొక మార్గం కావచ్చు. కార్యవర్గంవారు అనుమతిస్తే, వృక్షశాస్త్ర శాఖ ఆధ్వర్యంలో మానసిక వైద్యులొకరిని, వృత్తి చికిత్సకులొకరిని పిలిపించి వచ్చే సంవత్సరం ఒక ఉపన్యాస పరంపర ఏర్పాటు చేయవచ్చునని మా సూచన. ఆ ఉపన్యాసాలలో మొదటిది మొక్కలను గురించి కాక, రోగి హక్కులను గురించి ఉండాలని మా కోరిక.