అమెరికాలో మల్చింగు బ్లేడు, దివిసీమలో అగ్గిపుల్ల

అమెరికాలో సొంతిల్లు కొనుక్కున్న మనవాళ్ళతో ఫోన్లో మాట్లాడితే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఒక టాపిక్ తప్పదు. గడ్డి! లాను కాస్త పెద్దదైతే కూర్చుని నడిపే రైడింగ్ మోయరు ఉంటుంది. ఇక దానికి ఏ బ్లేడు వెయ్యాలి, హైలిఫ్టా, మల్చింగా అని చర్చ. ఇంజినీరింగు చదివిన బుర్రలు కదా, దీని మీద చేసినంత రీసెర్చి కొందరు కారు కొనేటప్పుడు కూడా చెయ్యరు :)

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. హైలిఫ్ట్ బ్లేడుకి వెనక అంచు రెక్కలా పైకి లేచి ఉంటుంది. గాలిని జోరుగా తోసి, కోసిన గడ్డిని పక్కకో సంచీలోకో విసిరేస్తుంది. మల్చింగు బ్లేడుకి వంపులెక్కువ, కోసే అంచూ ఎక్కువే. పక్క దారి మూసేస్తారు కాబట్టి గడ్డి డెక్కు కిందే సుడి తిరుగుతూ మళ్ళీ మళ్ళీ తెగి, పొడిపొడిగా అక్కడే రాలిపోతుంది. సంచి మోసే పని లేదు. పైగా ఆ పొడి కుళ్ళి, ఏడాదికి లానుకి కావలసిన నత్రజనిలో పావు వంతు దాకా అదే ఇస్తుంది. షరతులు కొన్నున్నాయి. తడి గడ్డి మీద నడపకూడదు, ఒక్కసారే మూడో వంతు కంటే ఎక్కువ కొయ్యకూడదు, బ్లేడు మొద్దుబారకూడదు. ఇవన్నీ మనవాళ్ళు శ్రద్ధగా పాటిస్తారు.

బాగానే ఉంది. ఇదే పెద్దమనిషికి గుడివాడ పక్కనో, అవనిగడ్డ దగ్గరో, బందరు రోడ్డు మీదో తాతలిచ్చిన మూడెకరాలుంటాయి. డిసెంబర్లో మిషను కోత అయ్యాక అక్కడ గడ్డి ఏమవుతోందండీ అని అడిగి చూడండి. "మాకేం తెలుసు, కౌలుకిచ్చేశాం కదా" అంటాడు. హైదరాబాదులోనూ బెంగుళూరులోనూ ఉన్నవాళ్ళు మాత్రం తక్కువేం కాదు, అదే జవాబు.

ఏమవుతోందో నేను చెప్తా. చాలా చోట్ల తగలబడుతోంది.

మనుషులు కోసిన రోజుల్లో ఈ సమస్య లేదు. కోసి, పనలు ఆరేసి, కుప్ప వేసి, నూర్చి, గడ్డి ఇంటికి తెచ్చి వామి వేసేవాళ్ళు. పశువులకి ఏడాది మేత. ఇప్పుడు బెల్టు మిషను చేలో దిగితే గంటల్లో పని అయిపోతుంది, వడ్లు ట్రాక్టరెక్కుతాయి. గడ్డి మాత్రం మిషను వెనకాల వరుసలు వరుసలుగా, అక్కడక్కడా మోకాలెత్తు పోగులుగా పడిపోతుంది. పశువులున్న ఇళ్ళు తగ్గిపోయాయి. ఉన్నవాళ్ళు కూడా మిషను గడ్డి నలిగిపోయి, బురదంటి ఉంటే పెద్దగా ఇష్టపడరు. కట్టలు కట్టే బేలరు వస్తే అదృష్టం, రాకపోతే అగ్గిపుల్ల.

దీని వెనక ఉన్న తొందర ఏమిటంటే మినుము. మన డెల్టాలో వరి తర్వాత మినుముకి దున్నేది లేదు, నీళ్ళు పెట్టేది లేదు. కోతకి రెండు మూడు రోజుల ముందు నిలబడి ఉన్న వరిలోనే విత్తనం చల్లేస్తారు. నల్లరేగడిలో మిగిలిన తేమ, పైన మంచు, అంతే. ఆ తేమ ఎవరి కోసమూ ఆగదు. వారం ఆలస్యమైతే మొలక తేడా కొడుతుంది. సార్వా పంట కౌలుకీ ఖర్చులకీ సరిపోతే రైతుకి మిగిలేది మినుములోనే అనే మాట మా వైపు ఏ అరుగు మీద కూర్చున్నా వినిపిస్తుంది. అలాంటి మినుము మీద మోకాలెత్తు గడ్డి పడితే కింద మొలక పాలిపోయి చస్తుంది. వరుసకీ వరుసకీ మధ్య మాత్రం బాగా మొలుస్తుంది. పొలం చారల దుప్పటిలా తయారవుతుంది. అందుకని కొందరు ముందు చల్లడం మానేసి, కోత అయ్యాక గడ్డికి నిప్పు పెట్టి, తర్వాత విత్తుతున్నారు. వాళ్ళని పట్టుకుని పర్యావరణం మీద క్లాసు పీకడం నాకు చేతకాదు. వాళ్ళ లెక్క వాళ్ళకుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. ఎకరానికి 75 కిలోల బస్తాలు 30 పండాయనుకోండి, గడ్డి కూడా సుమారు అంతే బరువు, అంటే రెండు టన్నుల పైమాటే. టన్ను వరిగడ్డిలో 5 నుంచి 8 కిలోల నత్రజని, 12 నుంచి 17 కిలోల పొటాషియం ఉంటాయి. రెండు టన్నులకి వేసుకుంటే పొటాష్ ఒక బస్తాకి తక్కువ కాదు, నత్రజని యూరియా బస్తాలో సగం పైనే. తగలబెడితే ఆ నత్రజని దాదాపు మొత్తం గాల్లో కలుస్తుంది. పొటాష్ చాలావరకు బూడిదలో మిగులుతుంది, నిజమే. కానీ వరుసగా పడ్డ గడ్డి వరుసగానే కాలుతుంది కాబట్టి ఆ బూడిద పొలమంతా పరుచుకోదు, గాలొస్తే పక్క చేలోకీ పోతుంది. మట్టికి చేరాల్సిన సేంద్రియ పదార్థం సంగతి సరేసరి, అది పొగే.

సరే, అయితే బ్లేడు ఎక్కడ పెట్టాలి? మన లాను పండితులు ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినాలి, ఎంచేతంటే అమెరికా జవాబు ఇక్కడ నేరుగా అతకదు. ట్రాక్టరు వెనక తగిలించే మల్చర్లు మార్కెట్లో ఉన్నాయి. అడ్డంగా తిరిగే రోటరు, దానికి వేలాడే బ్లేడులు. గడ్డికైతే వై ఆకారపు బ్లేడులు బాగుంటాయి. సుత్తుల్లాంటివి పత్తి కట్టెల్లాంటి గట్టి వాటికి. ఒక బ్లేడు విరిగితే దానికి ఎదురుగా ఉన్నదాన్ని కూడా కలిపి మార్చాలి, లేకపోతే ఆ వేగానికి బ్యాలెన్సు తప్పి బేరింగులు పోతాయి. బ్లేడు మట్టి గీకేంత కిందికి దించకూడదు. గడ్డి ఎండి ఉండాలి, పొద్దున్నే మంచు ఆరకుండా దిగితే రోటరుకి తాడులా చుట్టుకుంటుంది. ఇదంతా లాను పాఠమే, సైజు పెద్దది.

కానీ మినుము ముందే చల్లిన చేలో మల్చరు తిప్పితే? గడ్డితో పాటు మొలకలూ పోతాయి. పైగా తడి రేగడిలో ట్రాక్టరు టైర్లు చేసే గాళ్ళు వేరే. కాబట్టి ముందు చల్లే పద్ధతికి బ్లేడు ఉండాల్సింది కోత మిషను వెనకే. గడ్డి బయటికొచ్చే చోట చాపరు ఉంటే, అక్కడే ముక్కలై మిషను వెడల్పంతా పలచగా చెదిరిపోతుంది. పంజాబులో గోధుమ కోసం చేసింది ఇదే. అక్కడ మిషన్లకి ఇలాంటి చాపరు తప్పనిసరి చేశారు, దాని మీదుగా హ్యాపీ సీడరుతో దున్నకుండా గోధుమ విత్తుతారు. 2018లో కేంద్రం గడ్డి యంత్రాలకి పథకం పెట్టి, రైతుకి సగం ధర, సంఘాలకి 80 శాతం దాకా సబ్సిడీ ఇచ్చింది. పంజాబ్, హర్యానా, ఉత్తర ప్రదేశ్, ఢిల్లీలకి ఇచ్చింది. పొగ ఢిల్లీకి వెళ్తే పథకం వస్తుంది, బంగాళాఖాతం మీదికి వెళ్తే రాదన్నమాట!

మినుము కోత తర్వాత విత్తేవాళ్ళకి మల్చరు పనికొస్తుంది. దాళ్వా వరి వేసేవాళ్ళకి వేరే కథ. వాళ్ళు గడ్డిని రోటవేటరుతో కలియబెట్టాలి, అది కూడా నాట్లకి రెండు మూడు వారాల ముందు. ఎండుగడ్డిలో కార్బను ఎక్కువ, నత్రజని తక్కువ. కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్న నత్రజనిని ముందు తామే తినేస్తాయి. ఇవాళ కలిపి రేపు నాటితే నారు పచ్చబడుతుంది, నీళ్ళ కింద మీథేను కూడా ఎక్కువగా పుడుతుంది. రోటవేటరుకి మామూలుగా ఎల్ బ్లేడులు చెత్త ఉన్న చేలకి, సి బ్లేడులు బరువైన తడి నేలకి వాడతారు. మనకి రెండూ ఒకేసారి ఉంటాయి, అదే చిక్కు :) మినుముకి మాత్రం గడ్డి పైన పలచగా పరిస్తే ఈ నత్రజని బాధ పెద్దగా లేదు, తనకి కావలసింది తనే చాలావరకు గాలి నుంచి తెచ్చుకునే పంట.

కోడూరు, నాగాయలంక వైపు చివరి భూములకైతే నా ఓటు ఖచ్చితంగా గడ్డి పరచడానికే. అక్కడ ఉప్పు శత్రువు. వేసవికి ముందు నేల ఆరేకొద్దీ కింది తేమ పైకి ఎగబాకుతుంది, నీరు ఆవిరై ఉప్పు పైన మిగులుతుంది. పైన కప్పు ఉంటే ఆవిరి తగ్గుతుంది, ఉప్పూ తగ్గుతుంది. మచిలీపట్నం పరిశోధన కేంద్రం వాళ్ళు ఉప్పు తట్టుకునే వరి రకాలు తీస్తున్నారు, ఘంటసాల కేంద్రం మినుము మీద పనిచేస్తోంది. రకం ఒక్కటే మార్చి నేలని కాలుస్తూ పోతే ఆ కష్టం సగం వృథా.

ఇప్పుడు అసలు గొడవ. చాపరు ఉన్న మిషను ఇంజను మీద లోడు ఎక్కువ, డీజిలు ఎక్కువ తాగుతుంది, గంటకి బాడుగ ఎక్కువ అడుగుతారు. మల్చరు తిప్పితే అదింకో ఖర్చు. ఇది ఎవరు పెట్టుకోవాలి? గడ్డి మట్టిలో కలిసిన లాభం ఒక్క ఏడాదిలో కనపడదు. నాలుగైదేళ్ళకి నేల గుల్లబారుతుంది, తేమ నిలుస్తుంది. అప్పటికి ఆ కౌలుదారు ఆ చేలో ఉంటాడా? నోటిమాట కౌలు, ప్రతి ఏడూ కొత్త బేరం. 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం రాసుకున్నా 11 నెలలే, దానికీ యజమాని సంతకం కావాలి, ఆ సంతకానికి భయపడేవాళ్ళు మనలోనే బోలెడు మంది. 11 నెలల మనిషిని ఐదేళ్ళ పెట్టుబడి పెట్టమంటే ఎలా? మన భాషలో చెప్పాలంటే, వచ్చే నెల ప్రాజెక్టు మారిపోయేవాడిని కోడంతా రీఫ్యాక్టర్ చెయ్యమన్నట్టు. వాడు హార్డుకోడు చేసి పోతాడు. అగ్గిపుల్ల ఆ హార్డుకోడే.

నేల బాగుపడితే ధర, కౌలు పెరిగేది యజమానికి. కాబట్టి ఆ ఖర్చు యజమానే పెట్టుకోవాలి. దానం అనుకోనక్కర్లేదు, తన ఆస్తికి మెయింటెనెన్సు. ఫ్లాటుకి నెల నెలా కట్టట్లేదా?

"గడ్డి కౌలుదారుది కదా, అమ్ముకుంటాడు, మధ్యలో మనమెవరం" అని ఒకాయన వాదించాడు. న్యాయమైన మాటే. బేలరు వచ్చి, కొనేవాడుంటే అమ్ముకోనివ్వాలి. పశువులకి పోయే గడ్డిని ముక్కలు చెయ్యమనడం అన్యాయం. నా మాటంతా తగలబడే గడ్డి గురించే. తుపాను ఏడాది కూడా లెక్కలోకి రాదు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి పడిపోయి నీళ్ళలో నానింది. అలాంటప్పుడు గింజ దక్కితే చాలు, ఏ బ్లేడూ ఆ తడి గడ్డిని కొయ్యదు.

మాకున్న ఎకరంన్నర కౌలుకి చేసే బాబాయితో ఈ మాటే అన్నాను. ఆయన తల గోక్కుని, "ఆ చాపరు మిషను మనూరొస్తే అప్పుడు చూద్దాంలే అబ్బాయ్" అన్నాడు. ఎకరంన్నర కోసం ఎవడూ రాడు, నిజమే. మిషన్లవాళ్ళకి ఒకే చోట ముప్ఫై నలభై ఎకరాలు చూపించాలి. మా చుట్టుపక్కల చేల యజమానుల్లో ఐదుగురు హైదరాబాదులోనే ఉన్నారు, ఇద్దరు డాలస్‌లో. బాడుగలో పెరిగే తేడా మేం కడతాం, కౌలులో కోసుకోం, మినుముకి ముందు ఎప్పుడు కొయ్యాలో మాత్రం రైతులదే మాట. ఇలా రాసి అందరికీ పంపాను. డాలస్ నుంచి ఒకాయన వెంటనే ఫోన్ చేసి మొదటి ప్రశ్న వేశాడు, ఆ చాపరుకి బ్లేడులు ఎన్ని అని.