కంప్యూటరు లోకం: అసలుకు తగిన నకలు

గత వేసవి సెలవులలో మేము కాలనీలోని ఒక మిత్రుని ఇంటికి వెళ్ళినప్పుడు, ఆయన కుమారుడు కంప్యూటరు ముందు దిగాలుగా కూర్చుని ఉన్నాడు. 2004లో వెలువడిన ‘కౌంటర్-స్ట్రైక్: సోర్స్’ అనే ఆటకు అతడొక సర్వరును నడుపుతున్నాడు. తండ్రుల బదిలీల వలన ఊరు విడిచిన బాల్యమిత్రులు సాయంకాలం అందులోనే కలుసుకుంటారు. ఆనాడు ఎవరో అపరిచితుడు సర్వరును వశపరచుకొని అందరినీ వెలుపలికి నెట్టివేశాడు.

కారణం విచారించాము. ఆటగాని వద్ద లేని మ్యాపులను, శబ్దాలను సర్వరే పంపగలదు గాని, ఆ వేగం బహు స్వల్పం. అందుచేత వాటి నకళ్ళను వెబ్ సర్వరులోని డౌన్‌లోడ్ ఫోల్డరులో ఉంచి, ‘ఎస్‌వి_డౌన్‌లోడ్‌యూఆర్ఎల్’ అనే అమరికలో ఆ చిరునామా తెలుపుతారు. “అన్నీ కాపీ చేస్తే పని తీరిపోతుందనుకున్నాను అంకుల్” అన్నాడు కుర్రవాడు. ఆ ‘అన్నీ’లో సర్వరు అధికార పాస్‌వర్డు గల ‘సర్వర్.సిఎఫ్‌జి’ కూడ ఉన్నది! ఇంటి తాళపుచెవిని గుమ్మానికే వ్రేలాడదీసినట్లయినది.

ముందుగా పాస్‌వర్డు మార్పించి, ఆ ఫైలును తొలగింపజేశాము. పిదప ఒక చిన్న స్క్రిప్టు వ్రాసుకొన్నాము. అది ‘మ్యాప్స్’, ‘మెటీరియల్స్’, ‘మోడల్స్’, ‘సౌండ్’ అను నాలుగు ఫోల్డర్లను మాత్రమే స్పృశిస్తుంది. నిషిద్ధములను ఏరివేయుట కంటె అనుమతించినవానినే పేర్కొనుట క్షేమం.

రెండవ మెట్టు, ‘బీజిప్2’తో ఫైళ్ళను కుదించుట. ఆట మొదట కుదించిన ప్రతినే అడుగుతుంది. అసలు ఫైలు మారినను కుదించిన ప్రతి పాతదే మిగిలితే, మ్యాపు సరిపోలలేదని ఆటగానిని సర్వరు త్రోసిపుచ్చుతుంది. కనుక స్క్రిప్టు రెండింటి తేదీలు పోల్చి, అసలు కొత్తదైతే మరల కుదిస్తుంది. అయితే పాత మ్యాపు ఇదివరకే తన వద్దనున్న ఆటగాడు కొత్తదానిని దింపుకొనడు. మ్యాపును సవరించినపుడు పేరు కూడ మార్చుటే దానికి మార్గం.

చివరి మెట్టు ‘ఆర్‌సింక్’. ఆండ్రూ ట్రిజెల్, పాల్ మెకరస్ 1996లో వెలువరించిన ఈ ఉపకరణం పరిమాణం, తేదీ పోల్చి, మారిన ఫైళ్ళనే తీసుకుంటుంది. ఫైలును మారుపేరుతో పూర్తిగా వ్రాసిన పిమ్మటనే అసలు పేరు పెడుతుంది. కనుక సగం ఫైలు ఎవరి చేతికీ చిక్కదు. దీనిలోని ‘డిలీట్’ ఐచ్ఛికం మాత్రం రెండంచుల కత్తి. అసలు ఫోల్డరు పొరపాటున ఖాళీ అయితే నకలునూ ఖాళీ చేయగలదు. అందువలన మూలం ఖాళీగా ఉన్నచో ఆగిపొమ్మని స్క్రిప్టులో ముందే వ్రాశాము. ‘డ్రై-రన్’తో ఏమి జరగబోవునో చూచుకొని, ఆపైన ‘క్రాన్’కు అప్పగించితిమి. ఇపుడది ప్రతి రాత్రి తనంతట తానే నడుస్తున్నది.

మన స్టోర్సు విభాగంలో బిన్ కార్డు, లెడ్జరు సరిపోలనినాడు కలిగే చిక్కులు ఎరిగిన పాఠకులకు ఈ కథ కొత్త కాదు. నకలు తీయుట సులభం. ఏది తీయవలెనో, ఏది తీయరాదో నిర్ణయించుటే అసలు పని.

మరునాటి సాయంకాలం పాత మిత్రులందరూ తిరిగి వచ్చారని మిత్రుడు ఫోనులో తెలిపాడు. ఆ ఇంట రాత్రి భోజనం మాత్రం ఆలస్యమైనదట!