కిటికీ అద్దంపై సన్నటి పగులు.. ఆగిన ప్రయాణం! అంతరిక్షంలో తిరుగు బండి చెడిపోతే ఏం చేస్తారు?

ఆరు నెలల డ్యూటీ అయిపోయింది. కొత్త టీమ్ పైకి వచ్చేసింది. స్టేషన్ తాళాలు వాళ్ల చేతికి ఇచ్చేశారు కూడా. ఇక క్యాప్సూల్ ఎక్కి భూమికి రావడమే మిగిలింది. సరిగ్గా అప్పుడే బ్రేక్ పడింది! 2025 నవంబర్ 5న చైనా వ్యోమగాములు చెన్ డాంగ్, చెన్ ఝోంగ్‌రుయ్, వాంగ్ జీ తిరుగు ప్రయాణం వాయిదా పడింది. వాళ్లు రావాల్సిన షెన్‌జౌ-20 వ్యోమనౌకకు అంతరిక్ష చెత్త ముక్క తగిలిందన్న అనుమానమే దీనికి కారణం.

ముగ్గురూ క్షేమంగానే దిగారు. కాకపోతే వచ్చింది తమ బండిలో కాదు, తమ తర్వాత వెళ్లిన వాళ్ల బండిలో! ఆ తర్వాత 11 రోజుల పాటు పైన మిగిలిన మరో ముగ్గురికి నమ్మకంగా ఎక్కి రాగలిగే వాహనమే లేదు. అప్పట్లో చాలామంది కంట పడని విషయం ఇదే. ఇండియా కూడా మనుషుల్ని పైకి పంపడానికి రెడీ అవుతోంది కాబట్టి, ఈ 11 రోజుల గురించి మనం కాస్త గట్టిగానే ఆలోచించాలి.

అసలేం జరిగింది?

షెన్‌జౌ-20 బయల్దేరింది 2025 ఏప్రిల్ 24న. చైనా స్పేస్ స్టేషన్ తియాన్‌గాంగ్‌కు వెళ్లి, తిరిగి వచ్చే రోజు దాకా అక్కడే అతుక్కుని ఉంది. అక్టోబర్ 31న షెన్‌జౌ-21లో కొత్త టీమ్ వెళ్లింది. పాతవాళ్లు బయల్దేరే ముందు క్యాప్సూల్ కిటికీ అద్దంపై తేడా కనిపించింది. ఫొటోలు తీశారు. కింద ఉన్న ఇంజినీర్లు డిజైన్ మళ్లీ తిరగేశారు. కంప్యూటర్‌లో లెక్కలు వేశారు, విండ్ టన్నెల్‌లో పరీక్షలు చేశారు. చివరికి తేలింది ఏంటంటే.. అద్దానికి సన్నటి పగుళ్లు వచ్చాయి. బయటి నుంచి ఏదో ముక్క తగిలి ఉండొచ్చు. మనుషుల్ని కూర్చోబెట్టి కిందికి తీసుకురావడానికి ఈ బండి పనికిరాదు.

సన్నటి పగులుకే ఇంత భయమా అనిపించొచ్చు. కారు అద్దం పగిలినా నడుపుకుంటూ ఇంటికి వచ్చేస్తాం కదా! కానీ ఇక్కడ కథ వేరు. భూ వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు క్యాప్సూల్ బయట వేడి వెయ్యి డిగ్రీలు దాటిపోతుంది. కిటికీ బయటి పొర ఆ వేడిని ఆపాలి, లోపలి పొరలు క్యాబిన్‌లో గాలిని నిలబెట్టాలి. బయటి పొర ఊడిపోతే భారమంతా లోపలి వాటి మీదే పడుతుంది. క్యాబిన్‌లో గాలి పోతే ఏమవుతుందో 1971లోనే తెలిసింది. సోయుజ్-11 తిరిగి వస్తుండగా ఒక వాల్వ్ తెరుచుకుని ముగ్గురు సోవియట్ వ్యోమగాములు చనిపోయారు. క్యాప్సూల్ మాత్రం నేల మీద చక్కగా దిగింది.

అందుకే చైనా రిస్క్ తీసుకోలేదు. నవంబర్ 14న ముగ్గురినీ షెన్‌జౌ-21లో దించేసింది. అప్పటికి వాళ్లు కక్ష్యలో 204 రోజులు గడిపారు. ఆ బండి ఎవరిది? పైనున్న ఝాంగ్ లూ, వూ ఫెయ్, ఝాంగ్ హాంగ్‌ఝాంగ్‌లది. అది వెళ్లిపోయాక వాళ్ల దగ్గర మిగిలింది పగులున్న షెన్‌జౌ-20 ఒక్కటే. ప్రాణం మీదికి వస్తే దాన్నే నమ్ముకోవాలి. నవంబర్ 25న మనుషులు లేకుండా షెన్‌జౌ-22 పైకి వెళ్లి అతుక్కున్నాకే ఊపిరి పీల్చుకున్నారు. వాయిదా పడిన రోజు నుంచి లెక్కేస్తే 20 రోజుల్లో కొత్త బండి! ఒకటి ఎగురుతుంటే ఇంకొకటి కింద రెడీగా ఉండాలన్న పద్ధతి పెట్టుకోబట్టే అది కుదిరింది.

మిల్లీమీటరు ముక్కకు అంత బలం ఎక్కడిది?

స్పీడే కారణం. ఈ ఎత్తులో ఏ వస్తువైనా సెకనుకు దాదాపు 7.7 కిలోమీటర్లు వెళ్తుంది. అంటే హైదరాబాద్ నుంచి విజయవాడకు 35 సెకన్లు! రెండు వస్తువులు వేర్వేరు దిశల్లో వచ్చి ఢీకొంటే ఆ వేగం సెకనుకు 10 కిలోమీటర్లు దాటిపోతుంది. రైఫిల్ బుల్లెట్ వేగం సెకనుకు ఒక కిలోమీటరు దగ్గర ఉంటుంది. వేగం పది రెట్లయితే దెబ్బలోని శక్తి వంద రెట్లు.

పైగా చిన్న ముక్కలే ఎక్కువ. ఐరోపా అంతరిక్ష సంస్థ అంచనా ప్రకారం 1 నుంచి 10 సెంటీమీటర్ల మధ్య ఉన్న ముక్కలు 12 లక్షల దాకా ఉన్నాయి. 1 మిల్లీమీటరు నుంచి 1 సెంటీమీటరు లోపు ఉన్నవైతే 13 కోట్లకు పైనే. భూమి మీది రాడార్లు మామూలుగా వెంటాడగలిగేది 10 సెంటీమీటర్లకు మించిన వాటినే. పెద్దవి ముందే కనిపిస్తాయి, తప్పుకోవచ్చు. మరీ చిన్నవాటిని కవచం ఆపుతుంది. ప్రమాదమంతా మధ్యలో ఉన్న వాటితోనే. అవి కనపడవు, కవచానికీ ఆగవు. ఇక కిటికీ అద్దం దగ్గరికొస్తే, దానిపై లోహపు కవచం వేయడానికి ఉండదు కదా.

ఈ చెత్త ఎవరిది అంటే.. అందరిదీ! 2007లో చైనా తన పాత వాతావరణ ఉపగ్రహం ఫెంగ్యున్-1సీని మిసైల్‌తో పేల్చింది. దాదాపు 860 కిలోమీటర్ల ఎత్తులో చేసిన పని కాబట్టి ఆ ముక్కలు దశాబ్దాల పాటు తిరుగుతూనే ఉంటాయి. 2019 మార్చి 27న 'మిషన్ శక్తి'లో భారత్ కూడా తన మైక్రోశాట్-ఆర్‌ను కూల్చింది. ఆ ఉపగ్రహం వెళ్లింది మన శ్రీహరికోట నుంచే. 300 కిలోమీటర్ల లోపు ఎత్తులో చేశారు కాబట్టి చాలా ముక్కలు తొందరగానే వాతావరణంలో కాలిపోయాయి. అయినా కొన్ని పై కక్ష్యల్లోకి ఎగిశాయని నాసా అప్పట్లో గట్టిగానే విమర్శించింది. మనది తక్కువ, వాళ్లది ఎక్కువ అని వాదించుకోవచ్చు. ముక్కకు మాత్రం జెండా ఉండదు.

స్టేషన్‌లో నిద్ర లేపే ఫోన్

ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్ చుట్టూ 50 కిలోమీటర్ల పొడవు, 50 కిలోమీటర్ల వెడల్పు, 4 కిలోమీటర్ల మందంతో ఒక ఊహా పెట్టె గీసుకున్నారు. అందులోకి ఏ వస్తువైనా వచ్చేలా ఉంటే లెక్కలు మొదలవుతాయి. ఢీకొనే అవకాశం పదివేలలో ఒకటి దాటితే ఇంజిన్లు మండించి స్టేషన్‌ను పక్కకు జరుపుతారు. ఇప్పటిదాకా ముప్పైసార్లకు పైగానే అలా జరిపారు. టైమ్ లేకపోతే? అందరూ తమ తమ వ్యోమనౌకల్లోకి దూరి తలుపులు వేసుకోవడమే. స్టేషన్‌కు చిల్లు పడితే అటు నుంచి అటే ఇంటికి!

ఇది తెలుగు మూలాలున్న ఒకాయనకు నేరుగా అనుభవమే. తండ్రిది తెలంగాణ అయిన అమెరికా వ్యోమగామి రాజా చారి 2021 నవంబర్ 11న స్టేషన్‌కు చేరారు. సరిగ్గా నాలుగు రోజులకు, నవంబర్ 15న రష్యా తన పాత ఉపగ్రహం కాస్మోస్-1408ను పేల్చేసింది. వెంటాడగలిగినంత పెద్ద ముక్కలే 1,500 దాటాయి. స్టేషన్‌లో ఉన్న ఏడుగురినీ లేపి వ్యోమనౌకల్లోకి పంపారు. రాజా చారి సహా నలుగురు డ్రాగన్‌లో, మిగతా ముగ్గురు సోయుజ్‌లో. ప్రతి 90 నిమిషాలకోసారి స్టేషన్ ఆ చెత్త దారికి దగ్గరగా వెళ్తుండటంతో మొదట రెండు గంటలు అలాగే గడిపారు. ఆ ఏడుగురిలో ఇద్దరు రష్యన్లే అన్నది వేరే ముచ్చట.

అంటే చివరి ఆశ్రయం ఎప్పుడూ తిరుగు బండే. మరి ఆ బండిలోనే లోపం ఉంటే?

రిపేర్ సంగతి తర్వాత.. ముందు సీటు లెక్క

2022 డిసెంబర్ 14. ఇద్దరు రష్యన్లు స్పేస్‌వాక్‌కు రెడీ అవుతున్నారు. కెమెరాలో చూస్తే సోయుజ్ ఎంఎస్-22 నుంచి కూలెంట్ తుంపర్లుగా బయటికి చిమ్ముతోంది! రేడియేటర్‌కు మిల్లీమీటరు కూడా లేని రంధ్రం పడింది. సూక్ష్మ ఉల్క తగిలిందని రష్యా చెప్పింది. కూలెంట్ లేకపోతే తిరుగు ప్రయాణంలో క్యాబిన్ వేడెక్కిపోతుంది. మనిషి ఒంటి నుంచి కూడా వేడి వస్తుంది కాబట్టి, ముగ్గురు కూర్చుంటే ఇద్దరి కంటే ఎక్కువ వేడి.

అప్పుడు చేసిన పని సింపుల్‌గా కనిపిస్తుంది కానీ చాలా తెలివైనది. అమెరికా వ్యోమగామి ఫ్రాంక్ రుబియో ఒంటి కొలతలకు పోతపోసిన సీటు లైనర్‌ను సోయుజ్ నుంచి తీసి, పక్కనే ఉన్న డ్రాగన్‌లోకి మార్చారు. ఎమర్జెన్సీ వస్తే ఇద్దరు సోయుజ్‌లో, ఒకరు డ్రాగన్‌లో. ఫిబ్రవరిలో ఎంఎస్-23ని ఖాళీగా పంపారు. పాడైన ఎంఎస్-22 మార్చి 28న ఖాళీగానే దిగింది. ఆరు నెలలకని వెళ్లిన రుబియో 371 రోజులు ఉండాల్సి వచ్చింది.

సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ కథ అందరికీ తెలిసిందే. 2024 జూన్‌లో ఎనిమిది రోజుల కోసమని వెళ్లి 286 రోజులు ఉన్నారు. స్టార్‌లైనర్ స్టేషన్‌ను సమీపిస్తుండగా 28 చిన్న థ్రస్టర్లలో ఐదు ఆగిపోయాయి. కింద నుంచి రీసెట్ చేస్తే నాలుగు తిరిగి పనిచేశాయి. హీలియం లీకులు వేరే. జూన్ 26న ఒక పాత రష్యా ఉపగ్రహం ముక్కలైనప్పుడు వీళ్లిద్దరూ తలదాచుకున్నది ఆ స్టార్‌లైనర్‌లోనే! నమ్మకం లేకపోయినా అప్పటికి ఉన్నది అదొక్కటే మరి.

ఆగస్టు 24న నాసా తేల్చి చెప్పింది.. స్టార్‌లైనర్ ఖాళీగా వస్తుంది, వాళ్లిద్దరూ డ్రాగన్‌లో వస్తారు అని. బండి సేఫ్ అని బోయింగ్ చివరిదాకా వాదించింది. సెప్టెంబర్‌లో స్టార్‌లైనర్ ఖాళీగా వచ్చి చక్కగా దిగింది. 'చూశారా, అందులోనే వచ్చేయొచ్చుగా' అన్నవాళ్లు చాలామంది. ఆ లెక్క తప్పు. నిర్ణయం సరైందా కాదా అన్నది ఆ రోజు చేతిలో ఉన్న సమాచారంతో చూడాలి, తర్వాత వచ్చిన ఫలితంతో కాదు. థ్రస్టర్లు మళ్లీ ఎందుకు ఆగిపోవో ఆ రోజు గట్టిగా చెప్పగలిగినవాళ్లు లేరు. వేరే సీటు ఉన్నప్పుడు అనుమానంతో ఎందుకు ఎక్కించాలి?

కల్పనా చావ్లా ఫ్లైట్‌లో అడగని ఫొటోలు

ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 2003 జనవరి 16న కొలంబియా షటిల్ ఎగిరిన నిమిషంన్నర లోపే ట్యాంక్ నుంచి ఊడిన ఫోమ్ ముక్క ఎడమ రెక్కకు తగిలింది. వీడియోలో చూసిన ఇంజినీర్లు, కక్ష్యలో ఉండగానే రెక్క ఫొటోలు తీయించమని కోరారు. పైవాళ్లు పట్టించుకోలేదు. ఎలాగూ పైన రిపేర్ చేయలేం కదా అన్న ధోరణి కూడా ఉండేది. ఫిబ్రవరి 1న తిరిగి వస్తుండగా షటిల్ ముక్కలైపోయింది. కల్పనా చావ్లా సహా ఏడుగురూ చనిపోయారు. నష్టం ముందే తెలిసి ఉంటే, అప్పటికే సిద్ధమవుతున్న అట్లాంటిస్‌ను హడావుడిగా పంపి కాపాడే ప్రయత్నం రిస్కే అయినా సాధ్యమేనని విచారణ బోర్డు చెప్పింది.

ఆ తర్వాత నాసా దారి మార్చుకుంది. 2009 మేలో హబుల్ టెలిస్కోప్ రిపేర్‌కు అట్లాంటిస్ వెళ్తే, ఆపద వస్తే పంపడానికి ఎండీవర్‌ను పక్క లాంచ్‌ప్యాడ్‌పై నిలబెట్టారు. స్టార్‌లైనర్ నిర్ణయం ప్రకటించిన రోజు నాసా చీఫ్ బిల్ నెల్సన్ చాలెంజర్, కొలంబియా పేర్లు తలచుకున్నది కూడా అందుకే.

మరి గగన్‌యాన్ సంగతేంటి?

మనుషులతో వెళ్లే మొదటి గగన్‌యాన్‌కు ఇస్రో పెట్టుకున్న లక్ష్యం 2027. దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తు, మూడు రోజుల ప్రయాణం, ఆ తర్వాత సముద్రంలో దిగడం. 2023 అక్టోబర్ 21న శ్రీహరికోటలో చేసిన టీవీ-డీ1 పరీక్షలో సిబ్బందిని తప్పించే వ్యవస్థ బాగానే పనిచేసింది. కానీ అది రాకెట్ ఎగిరేటప్పుడు ఆదుకునేది. కక్ష్యలోకి చేరాక దాని పని అయిపోయినట్టే.

కక్ష్యలో లోపం వస్తే గగన్‌యాన్‌కు పరిగెత్తి వెళ్లడానికి స్టేషన్ ఉండదు. పక్కన వేరే సీటు ఉండదు. ఒక విధంగా అనుకూలమైనది కూడా ఉంది. ఆరు నెలలు పైన వేలాడే షెన్‌జౌతో పోలిస్తే, మూడు రోజుల్లో చెత్త ముక్క తగిలే అవకాశం చాలా తక్కువ. కాబట్టి అసలు భయం థ్రస్టర్లు, కూలింగ్, గాలి సరఫరా లాంటి సొంత సామాను మీదే. ఒకటి ఆగితే ఇంకొకటి పనిచేయాలి. అదీ కుదరకపోతే ప్రోగ్రామ్ మధ్యలో ఆపి దిగిపోవాలి. అలాంటప్పుడు అనుకున్న చోటే దిగుతుందన్న గ్యారెంటీ ఉండదు. అందుకే తమ సముద్ర జలాల వైపు దిగాల్సి వస్తే సాయం చేసేలా ఆస్ట్రేలియా అంతరిక్ష సంస్థతో ఇస్రో 2024 నవంబర్‌లో ఒప్పందం చేసుకుంది. పెద్దగా వార్తల్లోకి రాలేదు కానీ, గగన్‌యాన్ పనుల్లో చాలా ముఖ్యమైనవాటిలో ఇదొకటి.

పెద్ద ముక్కల నుంచి తప్పుకోవడం ఇస్రోకు కొత్తేం కాదు. చంద్రయాన్-3 ప్రయోగాన్ని ఈ కారణంతోనే 4 సెకన్లు ఆలస్యం చేశారు. 2023 జులై 30న పీఎస్‌ఎల్‌వీ-సీ56 ఉదయం 6.30కి కాకుండా 6.31కి లేచింది కూడా అందుకే. కక్ష్యలో రెండు నౌకల్ని కలపడం 2025 జనవరి 16న స్పేడెక్స్‌తో సాధించాం. అయితే అవి చిన్న ఉపగ్రహాలు. మనుషులున్న నౌక పక్కకు ఇంకో నౌకను పంపి, తలుపులు కలిపి, వాళ్లను ఎక్కించుకుని రావడం వేరే స్థాయి పని. అప్పటిదాకా గగన్‌యాన్ ఎక్కేవాళ్లకు వెళ్లే బండి, వచ్చే బండి రెండూ ఒక్కటే.