కొడైకెనాలులో ఏమున్నదని అడుగువారికి

వేసవి సెలవులు సమీపించినంతనే మన తెలుగు కుటుంబములలో ఏటేట ఒకే చర్చ జరుగుచుండును. ఎండల బాధ తప్పించుకొనుటకు చల్లని కొండప్రదేశమునకు పోవలెనని నిశ్చయమైన పిమ్మట ఊటీయా, కొడైకెనాలా అను ప్రశ్న పుట్టును. పుట్టిన కొలది సేపటికే ఊటీ అని తీర్పు వెలువడును. అందుకు చెప్పెడి కారణమును ఒక్కటే. ఊటీలో చూడవలసినవి పెక్కు కలవు, కొడైకెనాలులో ఏమున్నది, ఒక చెరువు, కొంత మంచు, ఒక్క పూటలో ముగిసిపోవును గదా అని. ఇంటి పెద్దలు, ప్రయాణపు ఏర్పాట్లు చేయు ఏజెంట్లు, ఒకమారు పోయివచ్చిన బంధువులు, అందరును ఈ మాటనే వల్లించుటచే ఇది విచారణ అక్కరలేని సత్యమువలె చెల్లుబాటగుచున్నది. ఈ యభిప్రాయము తప్పనియు, దీనివలన మనవారు కష్టార్జితమైన ధనమును వెచ్చించియు విశ్రాంతిని పొందజాలక తిరిగివచ్చుచున్నారనియు చెప్పుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

ఈ అభిప్రాయము ఊరక పుట్టినది కాదు. ఆంధ్ర జిల్లాలు మదరాసు రాజధానిలో చేరియుండిన దినములలో వేసవికి ప్రభుత్వమే ఉదకమండలమునకు, అనగా ఊటీకి, తరలిపోయెడిది. అధికారముతో పనిగలవారు, అధికారులకు దగ్గరివారు దాని వెంట పోయెడివారు. ఊటీకి పోయివచ్చుట ఒక అంతస్తునకు గుర్తైనది. అటుపిమ్మట సినిమా వచ్చినది. 1970, 80 దశకములలో మన నాయికా నాయకులు ఆ పచ్చిక వాలులమీదను, ఆ నీలగిరి చెట్ల నడుమను పాడిన యుగళగీతములకు లెక్కలేదు. కొండ యన్న నెట్లుండవలెనో మన కన్నులకు నేర్పినది ఆ పాటలే. వీనికి తోడు దారి సౌకర్యమొకటి. బెంగుళూరు, మైసూరుల మీదుగా పోయినచో ఒక్క యాత్రలో మూడు నాలుగు ఊళ్లు కలిసివచ్చును. గౌరవము, సినిమా, దారి, ఈ మూడును కలిసి ఊటీని మనకు ప్రథమస్థానమున నిలిపినవి. ఈ మూడింటిలో ఏదియు విశ్రాంతికి సంబంధించినది కాదని గమనింపవలెను.

ఈ రెండు పట్టణముల పుట్టుకను పరిశీలించినచో వాని స్వభావభేదము బోధపడును. కోయంబత్తూరు కలెక్టరైన జాన్ సల్లివన్ 1819లో నీలగిరులెక్కి, తోడా తెగవారు తమ గేదెలను మేపుకొనుచుండిన ఆ ఎత్తైన పచ్చిక భూములను చూచి ముగ్ధుడై, కొలది యేండ్లలోనే అచట ఇల్లు కట్టెను, వాగునకు అడ్డుకట్ట వేయించి సరస్సును ఏర్పరచెను. ఆరోగ్యస్థానముగా ప్రారంభమైన ఆ ఊరు అచిరకాలములోనే ఏలుబడికి పీఠమైనది. గవర్నరు భవనము, దొరల క్లబ్బు, ఊరి నడిబొడ్డున గుఱ్ఱపు పందెముల మైదానము, వేటగాండ్ర విడుదులు, ఇవన్నియు ఒకదానికొకటి దూరముగా వేర్వేరు చోట్ల వెలసినవి. వాహనము గలవాడు వాహనము గలవానికొఱకు నిర్మించుకొనిన ఊరది. కొడైకెనాలు చరిత్ర వేఱు. మధురలో పనిచేయుచుండిన అమెరికన్ మిషనరీలు మైదానపు జ్వరములకు, అంటువ్యాధులకు తమవారిని బలియిచ్చి బలియిచ్చి, ప్రాణములు నిలుపుకొనుటకై 1845లో పళని కొండలపై రెండిండ్లు కట్టుకొనిరి. పరిపాలింపవలెనని గాని వేటాడవలెనని గాని వారు కొండ నెక్కలేదు. బ్రతికి కోలుకొనవలెనని ఎక్కిరి. పిమ్మట మధుర కలెక్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకొనిన వీర్ లెవింజి 1863లో అచట సరస్సును కట్టించెను. ఊరంతయు ఆ నీటి చుట్టును నడిచిపోదగినంత దూరములో అల్లుకొనినది. నూటయెనుబది యేండ్లు గడచినను ఈ భేదము ఆ ఊళ్ల వీధులలో నేటికిని కనబడుచున్నది.

ఇక మనవారు ఊటీలో గడపెడి దినమెట్టిదో చూతము. ఉదయమే కారెక్కి దొడ్డబెట్ట. 2,637 మీటర్ల ఎత్తున, నీలగిరులలో కెల్ల ఉన్నతమైన శిఖరమది. అచట వరుసలో నిలిచి, దూరదర్శినిలో ఒక్క క్షణము చూచి, దిగుట. ఆ వెంటనే 1848లో స్థాపింపబడిన బొటానికల్ తోట, గులాబీ తోట, సరస్సులో పడవ. మధ్యాహ్నము పైకారా, మఱునాడు కూనూరులో సిమ్స్ పార్కు, డాల్ఫిన్స్ నోస్. మే మాసములో పుష్పప్రదర్శన జరుగు దినములలోనైతే దారి నిండ కార్లు; చల్లని గాలికై ఎంతో దూరము వచ్చినవాడు కారు అద్దములు మూసికొని ముందున్న బండి పొగను తప్పించుకొనుచు కూర్చుండును. ముసలి తల్లిదండ్రులు దిగలేక యెక్కలేక అలసిపోవుదురు. మూడు దినములలో ఇరువది స్థలములను చూచినవారు ఒక్క చోటనైన అరగంట నిశ్చింతగ కూర్చుండియుండరు. ఆ స్థలములు అందమైనవి కావని నేననను. బొటానికల్ తోట మహత్తరమైనది. దానిని సాకిన వారి శ్రమకు నమస్కరింపవలసినదే. కాని తోటను చూచుట వేఱు, తోటలో ఉండుట వేఱు. చూడవలసినవాని పట్టిక పొడవైనకొలది ఉండుటకు మిగులు కాలము తఱిగిపోవును. ఊటీకి మనము ఆపాదించు ఆ ఆధిక్యమే మన సెలవును హరించుచున్నది.

రైలు సంగతి యేమని అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. మెట్టుపాళయమునుండి 1899లో కూనూరు వఱకును, 1908లో ఊటీ వఱకును చేరిన ఆ చిన్న రైలు, కొంత దూరము పండ్లపట్టా నాసరాగొని, 46 కిలోమీటర్ల దారిని ఇంచుమించు ఐదు గంటలలో ఎక్కుచు, కొండయొక్క ఎత్తును ప్రతి మలుపునను మన దేహమునకు తెలియజేయును. 2005లో యునెస్కో దానిని ప్రపంచవారసత్వముగ గుర్తించుట సముచితము. దాని నెక్కవలెననువారు తప్పక ఎక్కవలసినదే. అయితే వేసవి సెలవులలో దాని చీట్లు ఎందఱకు దొరకును? కోరినవారిలో పెక్కుమందికి దొరకవు. దొరకనివారు రోడ్డుమీదనే పోవుదురు. అందఱకును అందని ఒక్క రైలును చూపి అందఱ సెలవును నిర్ణయించుట తగదు.

మఱి కొడైకెనాలులో ఏమున్నది?

నడక యున్నది. సరస్సు చుట్టును ఇంచుమించు ఐదు కిలోమీటర్ల దారి కలదు. ఎత్తుపల్లములు లేనందున వృద్ధులును ఆగి ఆగి నడువవచ్చును, అలసినవారు గట్టుమీద కూర్చుండవచ్చును, పిల్లలకు అద్దె సైకిళ్లు, గుఱ్ఱములు దొరకును. పిల్లలకు అచట పొద్దుపోదని చెప్పువారు ఆ సరస్సు గట్టున ఒక సాయంకాలము నిలిచి చూచియుండరు. కొండ అంచున 1872లో కోకర్ అను ఇంజనీరు వేయించిన కిలోమీటరు కాలిబాట మఱియొకటి. దానిపై నిలిచినచో క్రింద మైదానములోని ఊళ్లు, చెఱువులు ఎండలో మెఱయుచు కనబడును, చూచుచుండగనే లోయలోనుండి మంచు పైకిలేచి వానిని కప్పివేయును, మఱికొంతసేపటికి తొలగును. దీనికి కాలనియమము లేదు. పది నిమిషములకని వచ్చినవాడు మంచు తప్ప మఱేమియు కనబడక, ఇచట చూచుటకేమియు లేదని పోవును. ఒక గంట ఓపికతో కూర్చుండినవానికి లోకమంతయు మఱల మఱల తెఱచుకొనును. తప్పు కొండది కాదు, తొందరది. ఊరు దాటి పూంబారై, మన్నవనూరు వైపు పోయినచో మెట్లుమెట్లుగ సాగిన పొలములలో 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కొండ వెల్లుల్లి పండుచుండును. చలి మాటయందును రెంటికిని భేదము స్వల్పము: ఊటీ ఎత్తు దాదాపు 2,240 మీటర్లు, కొడైకెనాలుది దాదాపు 2,130, మే నెల పగటివేళ రెండు చోట్లను ఇరువది డిగ్రీలకు కొంచెము ఇటునటే.

ఏమున్నదని అడుగువారికి, ముఖ్యముగా రాయలసీమవారికి, చెప్పవలసినది మఱియొకటి కలదు. 1876లో ఆరంభమైన మహాక్షామము మనవారి నోట ధాత కరవుగా నేటికిని నిలిచియున్నది. కడప, కర్నూలు, బళ్లారి మండలములలో అది తుడిచివేసిన పల్లెలకు లెక్కలేదు. వానలు ఏల తప్పుచున్నవి, సూర్యునిలోని మార్పులకును మన ఋతుపవనములకును సంబంధమేమైన కలదా అను విచారము ఆ కరవు తరువాత పాలకులలోను శాస్త్రజ్ఞులలోను బలపడినది. ఆ విచారమునకు ఫలముగ, మేఘముల మఱుగు తక్కువైన ఎత్తు ప్రదేశముకొఱకు వెదకి, కొడైకెనాలు శిఖరముపై 1899లో సౌరవేధశాలను నెలకొల్పిరి. మదరాసు వేధశాలలోని పని క్రమముగ అచటికి తరలినది. 1909లో జాన్ ఎవర్‌షెడ్ అను శాస్త్రజ్ఞుడు సూర్యబింబముపై మచ్చలలోని వాయువులు నడిమినుండి వెలుపలికి ప్రవహించుచున్నవని కనుగొనినది ఇచటనే. ఖగోళశాస్త్రములో ఆ విషయము నేటికిని అతని పేరనే చెల్లుచున్నది. నూఱేండ్లకు మించిన కాలమునుండి సూర్యుని చిత్రములను దినదినము తీసి భద్రపఱచిన స్థలములు ప్రపంచములోనే కొలది, వానిలో ఇదియొకటి. సందర్శకులను లోనికి రానిచ్చు వేళలును కలవు. మన తాతముత్తాతల ఆకలి కారణముగ వెలసిన ఈ విజ్ఞానమందిరము ముంగిటనుండి మన బస్సులు ఆగకుండ పోవుచుండగా, కొడైకెనాలులో చూడదగినదేమియు లేదని మనము చెప్పుకొనుట నాకు మిక్కిలి బాధాకరము.

కొడైకెనాలు నిర్దోషియని నేను వాదింపను. నీలగిరులలోవలెనే ఇచటను పచ్చికబయళ్లను, షోలాలని పిలువబడు సహజారణ్యములను తొలగించి తుమ్మజాతి వాటిల్ చెట్లను, పైను చెట్లను నాటించిరి. పండ్రెండేండ్ల కొకమారు కొండను నీలవర్ణము చేయు కుఱింజి పొదలకు చోటు తఱిగిపోయినది. ఉష్ణమాపకముల కర్మాగారమొకటి పాదరసమును నేలపాలు చేసి 2001లో మూతపడినది; ఆ గాయము సులభముగ మానునది కాదు. ఇటీవల సినిమాలలో ప్రసిద్ధికెక్కిన గుణ గుహల యొద్దను, స్తంభశిలల యొద్దను కార్లు బారులు తీరుచున్నవి. అనగా ఊటీని అలసటపాలు చేసిన ‘పాయింట్ల’ వ్యాధి ఇచటికిని ప్రాకుచున్నది. ఆ జాడ్యమును మోసికొనిపోవువారము మనమే. ఇదే కొలబద్దతో మన హార్సిలీ కొండను కొలిచి, మదనపల్లెకు అంత సమీపమున దాదాపు 1,265 మీటర్ల ఎత్తుననున్న ఆ ప్రశాంతస్థలమును ఒక పూట విహారమునకు మాత్రమే పనికివచ్చునదిగ నిర్ణయించినవారమును మనమే.

మదరాసు ఉన్నత న్యాయస్థానము ఈ రెండు కొండల భారమును గుర్తించి, 2024 మే 7నుండి వాహనములకు ఈ-పాస్ విధించినది. 2025 వేసవిలో దినమునకు ఊటీకి 6,000, వారాంతమున 8,000 వాహనములనియు, కొడైకెనాలుకు 4,000, వారాంతమున 6,000 అనియు హద్దు నిర్ణయించినది. కొండలు మోయగల బరువునకు మితి కలదని ధర్మాసనమే చెప్పవలసివచ్చిన పిమ్మటనైన, ఎన్ని చూచితిమి అను లెక్కను విడిచి ఎంత నెమ్మది పొందితిమి అని మనము అడుగుకొనవలదా? ఆ ప్రశ్న వేసికొనినవారికి, ఏడాది పొడవున పనిచేసి అలసినవారికి, ముసలివారిని పసివారిని వెంటబెట్టుకొని పోవువారికి, ఊటీకంటె కొడైకెనాలే మేలని నేను నిస్సంశయముగ చెప్పుచున్నాను.

కావున పాఠకులకు నా మనవి యిది. మధుర మీనాక్షిని, పళని సుబ్రహ్మణ్యుని సేవింప మన తెలుగువారు వేలకొలది పోవుచునే యున్నారు. పళనినుండి ఘాటు రోడ్డున కొడైకెనాలు 65 కిలోమీటర్లకు మించదు, కొడై రోడ్ రైలుస్టేషనునుండి ఇంచుమించు 80 కిలోమీటర్లు. దిగువనున్న పెరియకుళము, తేని ప్రాంతములలో తరతరములుగ తెలుగు మాటలాడు కుటుంబములు పెక్కు కలవు గనుక పరాయి చోటికి పోయితిమను దిగులును అక్కరలేదు. మూడు దినములకు తక్కువ గాకుండ ఒక్కచోటనే బస కుదుర్చుకొనుడు. కారును బసలోనే విడిచి సరస్సునకు నడిచిపొండు. సొంత వాహనమున పోవువారు బయలుదేరుటకు ముందే ఈ-పాస్ తీసికొనవలెను. ప్రభుత్వ బస్సులో పోవువారికి అదియు అక్కరలేదు.