వజ్రానికి ఒత్తిడి అక్కర్లేదు

వ్యక్తిత్వ వికాసం పేరుతో మైకు పట్టుకున్న ప్రతి వక్తా ఎక్కడో ఒకచోట బొగ్గు కథ ఎత్తుకుంటాడు. భూగర్భంలో ఒత్తిడిని తట్టుకున్న బొగ్గు వజ్రమైందట, తట్టుకోలేనిది బొగ్గుగానే ఉండిపోయిందట. కార్పొరేట్ కాలేజీ హాస్టల్ గోడ మీదా ఇదే, ఐటీ కంపెనీ వార్షికోత్సవంలోనూ ఇదే. ఈ లెక్కన ఉద్యోగం వదిలి వెళ్లినవాడు బొగ్గు. అంటిపెట్టుకుని ఉన్నవాడు వజ్రం, లేదా కాబోయే వజ్రం.

ఈ కథ వజ్రాలు సానపట్టే సూరత్‌లో చెబితే కార్ఖానా కుర్రాడు కూడా నవ్వుతాడు. భూమ్మీద చెట్టూ చేమా పుట్టకముందే చాలా వజ్రాలు తయారైపోయాయి కాబట్టి వాటికి బొగ్గుతో చుట్టరికం లేదన్న సంగతి అలా ఉంచండి. ఇప్పుడు సూరత్ ల్యాబుల్లో వజ్రాలను పెంచుతున్నారు. మూసిన గదిలోకి మీథేన్, హైడ్రోజన్ వాయువులు పంపి, మైక్రోవేవ్‌తో వేడెక్కిస్తే, చిన్న వజ్రపు పలక మీద కర్బనం పొరలుపొరలుగా పేరుకుంటుంది. కొన్ని వారాల్లో రాయి చేతికొస్తుంది. సీవీడీ అనే ఈ పద్ధతిలో గదిలోని ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికన్నా తక్కువ. 2023 జూన్‌లో ప్రధాని మోదీ నాటి అమెరికా అధ్యక్షుడి భార్య జిల్ బైడెన్‌కు ఇచ్చిన 7.5 క్యారట్ల వజ్రం కూడా ల్యాబులో పెరిగినదే. భారీ ఒత్తిడితో చేసే పద్ధతీ ఉంది, దానికి పెద్ద కేంద్రం చైనా. సానపట్టేవాళ్లకు తెలిసిన ముచ్చట ఇంకొకటుంది: చక్రం మీద రాయిని అతిగా అదిమితే వేడెక్కి మచ్చ పడుతుంది. లోపల ఒత్తిడి దాచుకున్న రాయి కోతలోనే పగలొచ్చు.

రాళ్ల సంగతి సరే, మనుషుల సంగతేమిటి? ఒత్తిడిని మెచ్చుకునేవాళ్లు వెంటనే చూపించే ఉదాహరణ ఫార్ములా వన్. రెండున్నర సెకన్లలో నాలుగు చక్రాలు మార్చే కుర్రాళ్లను చూడండి, అలా ఉండాలంటారు. చూద్దాం. 2023లో రెడ్‌బుల్ జట్టు 22 రేసుల్లో 21 గెలిచింది. ఆ తర్వాత మనుషులు కదలడం మొదలైంది. డిజైన్ విభాగంలో ఏళ్లతరబడి పనిచేసిన రాబ్ మార్షల్ మెక్‌లారెన్‌కు వెళ్లాడు. ఆ కార్లకు ప్రాణం పోసిన ఏడ్రియన్ న్యూయీ తాను తప్పుకుంటున్నట్టు 2024 మే 1న ప్రకటించాడు. స్పోర్టింగ్ డైరెక్టర్ జొనాథన్ వీట్లీ సాబర్ జట్టు పగ్గాలు పట్టడానికి బయల్దేరాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకాలని అభిమానులు ఎగతాళి చేశారు. ఎవరు పోయినా యంత్రం ఆగదని పెద్దలు ధైర్యం చెప్పారు. 2024 ముగిసేసరికి రెడ్‌బుల్ గెలిచినవి 24లో 9, అన్నీ డ్రైవర్ వెర్‌స్టాపెన్ ఒక్కడివే. జట్ల పట్టికలో మూడో స్థానం. మార్షల్ చేరిన మెక్‌లారెన్ 1998 తర్వాత తొలిసారి జట్ల టైటిల్ ఎగరేసుకుపోయింది. 2005 నుంచి రెడ్‌బుల్ సారథిగా ఉన్న క్రిస్టియన్ హార్నర్‌ను 2025 జులై 9న తప్పించారు.

వీళ్లు పోవడం వల్లే ఇదంతా జరిగిందంటే అతిశయోక్తే. కానీ జట్లు ఖర్చు పెట్టగలిగే డబ్బుకు 2021 నుంచి పరిమితి ఉంది. డబ్బుతో ఎవరూ ఎవరినీ ముంచెత్తలేని ఆటలో తేడా చూపించేది మనుషులూ, వాళ్లు పనిచేసే వాతావరణమూ. అదే మెక్‌లారెన్ 2018లో ఎలా ఉండేదో గుర్తుచేసుకోవాలి. రాత్రింబవళ్లు పనిచేసిన సిబ్బందికి ప్రోత్సాహకంగా కప్ప బొమ్మ చాక్లెట్లు పంచుతున్నారని అప్పట్లో బ్రిటిష్ పత్రికలు రాశాయి. గొణుక్కునేవాళ్లు ఏ నలుగురో ఉంటారన్నట్టు కొట్టిపారేసిన రేసింగ్ డైరెక్టర్ ఎరిక్ బూలియే కొన్ని వారాలకే రాజీనామా చేశాడు. చాక్లెట్ల కాలంలో పట్టికలో తంటాలు పడిన జట్టే తర్వాత ఛాంపియన్ అయింది. మధ్యలో మారినది సిబ్బంది గుండె నిబ్బరం కాదు, వాళ్లను నడిపిన తీరు.

అసలు ఫార్ములా వన్నే ఒత్తిడి మీద నమ్మకం వదులుకుంది. రేసు వారంలో మెకానిక్కులు రాత్రి ఫలానా గంటల్లో ట్రాక్ దగ్గర ఉండకూడదని నిబంధన పెట్టింది. వేసవిలో 14 రోజులపాటు ఫ్యాక్టరీలు మూయాలి, కారు వేగం పెంచే పని ఏదీ ముట్టుకోకూడదు. ఒక జట్టు తనంతట తాను ఆగితే పక్క జట్టు ముందుకు పోతుందన్న భయం కాబట్టి అందరినీ ఒకేసారి ఆపడానికి చట్టం కావలసి వచ్చింది. (ఆ చట్టం చేసిన పెద్దమనుషులే రేసుల్ని 24కి పెంచారన్నది వేరే కథ.)

కోట్లు తీసుకునే ఇంజినీర్లకూ సూరత్ కూలీకీ పోలికేమిటని ఎవరైనా అడగొచ్చు. పోలిక ఉన్నది వాళ్ల మీద పడే నిందలో. ప్రపంచంలో పదికి తొమ్మిది వజ్రాలు సానపట్టే ఊరని చెప్పుకునే సూరత్‌లో, ఒక్కో ఘంటి (సానచక్రం) చుట్టూ నలుగురు కూర్చుని రాయికింత చొప్పున కూలి తీసుకుంటారు. వాళ్లకు పెట్టిన పేరు రత్నకళాకార్. పేరులో కళ ఉంది గానీ చాలామందికి అపాయింట్‌మెంట్ లెటరూ లేదు, పీఎఫూ లేదు. దేశానికి తెలిసిన సూరత్ వేరు. హరికృష్ణ ఎక్స్‌పోర్ట్స్ అధిపతి సావ్‌జీ ధోలకియా దీపావళికి ఉద్యోగులకు కార్లు పంచిన సూరత్ అది. 2014లో 491 కార్లు, 2016లో 1,260, 2018లో 600. ఆ ఫొటోలు ఊరూరా వాట్సాప్‌లో తిరిగాయి. కష్టపడి నమ్మకంగా ఉంటే ఇంటిముందు కారు ఉంటుందన్న పాఠం ఆ ఫొటోల కింద రాయకుండానే అందరికీ అర్థమైంది.

ఆ పాఠం 2024లో ఏమైంది? ఉక్రెయిన్ యుద్ధం, రష్యా వజ్రాల మీద ఆంక్షలు, అమెరికాలో, చైనాలో తగ్గిన గిరాకీ, కుప్పకూలిన ల్యాబ్ వజ్రాల ధరలు అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. అతిపెద్ద కంపెనీల్లో ఒకటైన కిరణ్ జెమ్స్ ఆ ఆగస్టులో 50 వేల మందికి పది రోజుల సెలవు ప్రకటించింది. చిన్న కార్ఖానాలు అలాంటి ప్రకటనలు కూడా లేకుండానే మూతపడ్డాయి. అంతకు నెల ముందు డైమండ్ వర్కర్స్ యూనియన్ ఆత్మహత్యల నివారణకు హెల్ప్‌లైన్ తెరిచింది. ఏడాదిన్నరలో 60 మందికి పైగా ప్రాణాలు తీసుకున్నారని ఆ సంఘం లెక్క. 2025 మార్చి 30న కార్మికులు సమ్మె చేసి సూరత్‌లోని కతార్‌గామ్ వీధుల్లో ఊరేగారు. ఇంతమందీ బలహీన మనస్కులేనా? 2008 మాంద్యంలోనూ ఇదే ఊళ్లో ఇలాగే జరిగింది, వేలమంది సౌరాష్ట్ర పల్లెలకు తిరిగిపోయారు. పదహారేళ్లకోసారి ఒకే ఊరి జనానికి మూకుమ్మడిగా మనోబలం తగ్గుతుందని నమ్మడంకన్నా, కూలి కట్టే పద్ధతిలోనే పగులుందని అనుకోవడం తేలిక. గిరాకీ పడిపోగానే రాళ్లు తగ్గుతాయి, రాళ్లు తగ్గగానే కూలి పోతుంది, ఇంటద్దె మాత్రం తగ్గదు.

తెలుగువాళ్లకు ఇది పరాయి ఊరి గొడవ కాదు. సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో తరాలుగా పద్మశాలీ నేతగాళ్లున్నారు. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ పల్లెల్లో మగ్గం ఆగినప్పుడల్లా బొంబాయి, భీవండి, షోలాపూర్, సూరత్ దారులే దిక్కయ్యాయి. సూరత్ సాంచాల (మరమగ్గాల) షెడ్లలో పన్నెండు గంటల షిఫ్టు మామూలు, మీటరుకింత కూలి, పక్క మనిషి మాట వినపడనంత రొద. ఒక్కడు పది సాంచాలకు కాపలా. ఈ పనిలో పెద్ద సంఖ్యలో ఉన్నది ఒడిశా గంజాం జిల్లా వాళ్లు. రెండేళ్లకో మూడేళ్లకో షెడ్డు మారితే సేఠ్ అనే మాట, ఈ కారీగర్లకు నిలకడ లేదని. సొంతూళ్లో అనే మాట కూడా దాదాపు అదే. 2020 లాక్‌డౌన్‌లో, ఏప్రిల్ 10 రాత్రి జీతాలూ ఇంటిదారీ కావాలంటూ సూరత్ లస్కానాలో కార్మికులు రోడ్డెక్కినప్పుడు టీవీలు వాళ్లను అల్లరిమూక అన్నాయి. వాళ్లు వెళ్లిపోయాక సాంచాలు నెలల తరబడి సగం సగం తిరిగాయి. నిలకడ లేనివాళ్లు లేకపోతే నిలిచిపోయింది షెడ్డే.

2017 అక్టోబర్‌లో వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన చేస్తూ నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ సూరత్, భీవండి వలస వెళ్లినవాళ్లు తిరిగి రావాలన్నారు. పిలుపు మంచిదే. అయితే ఆజంజాహీ మిల్లు మూతపడ్డ ఊళ్లో ఆ పిలుపు వినేవాళ్లు ముందు అడిగేది షిఫ్టు ఎన్ని గంటలని, కూలి మీటరుకా నెలకా అని.

వెళ్లిపోయేవాడి విలువ ఫార్ములా వన్ జట్లకు తెలుసు. పోటీ జట్టులో వెంటనే చేరకుండా నెలల తరబడి ఇంట్లో కూర్చోబెట్టి జీతం ఇస్తాయి. దానికి వాడుకలో ఉన్న ముద్దుపేరు గార్డెనింగ్ లీవ్, మొక్కలకు నీళ్లు పోసుకొమ్మని. న్యూయీ ఆ తర్వాత 2025 మార్చిలో ఆస్టన్ మార్టిన్‌లో చేరాడు. అది ఒకప్పుడు విజయ్ మాల్యా నడిపిన ఫోర్స్ ఇండియా. 2018 జులైలో ఆ జట్టు దివాలా తీసి లండన్ కోర్టు చేతికి పోయినప్పుడు కాపాడాల్సిన ఉద్యోగాలు 405 అని అంకెతో సహా తేలింది, ఎందుకంటే జీతాల పట్టీలో ప్రతి పేరూ ఉంది. కొత్త యజమానులు వచ్చారు, ఉద్యోగాలు నిలిచాయి. 2025 మేలో గుజరాత్ ప్రభుత్వం పనిపోయిన రత్నకళాకారుల పిల్లలకు ఏడాదికి రూ. 13,500 వరకు బడి ఫీజు కడతానని ప్యాకేజీ ప్రకటించింది. అది కావాలంటే ఘంటి దగ్గర కూర్చున్నట్టు రుజువు చూపాలి. ఏ కాగితమూ లేనివాడు ఆ రుజువు కోసం తనను మానిపించిన కార్ఖానా గడపే మళ్లీ ఎక్కాలి.