పట్టుపురుగుకున్న జాగ్రత్త గర్భిణికి లేదా?

హిందూపురం చుట్టుపక్కల మల్బరీ పెట్టిన ఏ రైతునైనా అడగండి. పక్క చేనులో టమోటాకు మందు కొడుతుంటే గట్టు వారగా ఉన్న ఆకు కోయడు. కోసి వేస్తే పురుగు తల ఎత్తి కక్కుకుని, తెల్లారేసరికి చచ్చిపోతుందని తెలుసు. తన తోటకే మందు కొట్టాల్సి వస్తే ఇన్ని రోజుల దాకా ఆకు ముట్టకూడదని వేళ్ల మీద లెక్క పెట్టుకుంటాడు. ఒక్క పంట పోతే ఎంత నష్టమో పట్టు రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు.

అదే టమోటా చేనులోకి మందు కొట్టిన మర్నాడే కాయ కోయడానికి ఆడకూలీలు దిగుతారు. వాళ్లలో ఎవరికి ఎన్నో నెలో మనం అడగం. రైతును తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. ఆ కూలీల్లో మన ఇళ్ల ఆడవాళ్లూ ఉన్నారు.

పెనుకొండ, ధర్మవరం మెట్ట పొలాల్లో సంగతి ఇంకా దగ్గరది. వేరుపురుగు బెడద ఉన్న నేలల్లో కిలో వేరుశనగ విత్తనానికి 6.5 మిల్లీలీటర్ల క్లోరోపైరిఫాస్ పట్టించి, ఆరాక మాంకోజెబ్ లాంటి తెగులు మందు కలపాలన్నది మనకు ఏళ్లుగా చెబుతున్న సిఫారసు. పట్ట పరిచి, విత్తనం పోసి, ఉత్త చేతులతోనే కలుపుతాం. ట్రాక్టర్ గొర్రు వచ్చిన చోట కొంత నయం. ఎద్దులతో విత్తే చోట మాత్రం సాలు వెంట నడుస్తూ గింజ వదిలేది ఆడమనిషే. గింజలు ఉండేది ఆమె ఒడిలో, కడుపుకు ఆనుకుని. మధ్యాహ్నం చెంబెడు నీళ్లతో చేయి తడుపుకుని ఆ చేత్తోనే ముద్ద తింటుంది.

క్లోరోపైరిఫాస్ తాగితేనే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. అది చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. పురుగు నరాలను దెబ్బతీసేదే మనిషి నరాల మీదా పనిచేస్తుంది. గర్భిణి రక్తంలో కలిస్తే మాయను దాటి బిడ్డకు చేరుతుంది. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు పుట్టిన పిల్లల బొడ్డుతాడు రక్తంలోనే ఈ మందును కొలిచారు. ఆ తల్లులు పొలం ముఖం చూసినవాళ్లు కారు. ఇంట్లో బొద్దింకలకు కొట్టిన మందే అది. మందు ఎక్కువ కనిపించిన పిల్లలు బరువులోనూ పొడవులోనూ తగ్గి పుట్టారని 2004లో ప్రకటించారు. అంతకుముందే అమెరికాలో ఇళ్లలో ఆ మందు వాడకం ఆపేశారు. ఆ తర్వాత పుట్టిన పిల్లల రక్తంలో మందు బాగా తగ్గింది, బరువుకూ దానికీ ముడి కూడా కనిపించలేదు. మందు ఆపితే ఫలితం ఉంటుందనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అన్ని పరిశోధనలూ ఒకే మాట చెప్పలేదు, అదీ చెప్పుకోవాలి. కాలిఫోర్నియాలో సలీనాస్ లోయ వ్యవసాయ కూలీ తల్లుల్లో బిడ్డ బరువు తగ్గినట్టు తేలలేదు, కాన్పు మాత్రం కాస్త ముందుగా అయింది. అదే రాష్ట్రంలో సాన్ వాకీన్ లోయలో 5 లక్షలకు పైగా కాన్పులను పరిశీలించి 2017లో వెల్లడించిన అధ్యయనంలో, మందుల వాడకం అత్యధికంగా ఉన్న 5 శాతం చోట్లే తక్కువ బరువు, నెలలు నిండని కాన్పులు పెరిగాయి. మందుల కంపెనీల తరఫు వాళ్లు దీన్ని చూపించి 'మామూలుగా భయం లేదు' అంటారు. అక్కడ లెక్క కట్టింది ఇంటి చుట్టుపక్కల పొలాల్లో కొట్టిన మందును. ఇక్కడ మందు పట్టించిన గింజ పొద్దస్తమానం చేతిలోనే ఉంది. మనది ఏ లెక్కలోకి వస్తుందో వాళ్లే చెప్పాలి.

రెండున్నర కిలోలకు తక్కువ పుడితే తక్కువ బరువు బిడ్డ అంటారు. అలాంటి బిడ్డ పుడితే డాక్టరమ్మ తల్లినే అడుగుతుంది: సరిగ్గా తిన్నావా, ఐరన్ మాత్రలు వేసుకున్నావా అని. రక్తహీనత నిజమే, నెలలు నిండేదాకా ఎండలో వంగి చేసే పనీ నిజమే. ఈ రెండింటినీ పక్కన పెట్టి నెపమంతా మందు మీద వేయడం మా ఉద్దేశం కాదు. కానీ తల్లీబిడ్డల కార్డులో బరువు, రక్తం, బీపీ రాసే గళ్లున్నాయి గానీ ఏ మందు ముట్టుకున్నావని అడిగే గడి లేదు. అడగనిది లెక్కలోకి ఎలా వస్తుంది?

ఢిల్లీ సంగతీ చూద్దాం. 2020 మేలో కేంద్రం 27 పురుగుమందులను నిషేధిస్తామని ముసాయిదా ఇచ్చింది. క్లోరోపైరిఫాస్, మాంకోజెబ్ రెండూ అందులో ఉన్నాయి. 2023లో తుది ఉత్తర్వు వచ్చేసరికి ఈ రెండూ పూర్తి నిషేధం తప్పించుకున్నాయి. యూరప్ క్లోరోపైరిఫాస్‌ను 2020లోనే వద్దంది. 2025లో స్టాక్‌హోమ్ ఒప్పందం కింద ప్రపంచమంతా దశలవారీగా వదిలించుకోవాల్సిన జాబితాలోకీ అది చేరింది. మన అంగడిలో మాత్రం పసుపు త్రికోణం సీసా అడిగిన వెంటనే దొరుకుతుంది.

నిషేధం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం. రైతు సేవా కేంద్రంలో విత్తనం మూటతో పాటు రబ్బరు తొడుగులూ ఇవ్వాలి. కదిరి పరిశోధన కేంద్రం విత్తనశుద్ధి చెప్పేటప్పుడు గింజ ఎవరు ముట్టుకోకూడదో కూడా చెప్పాలి, బీజామృతం లాంటి వాటితో ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ సరిపోదో తేల్చి చెప్పాలి. కార్డులో ఆ ఒక్క గడి చేర్చమని ఆశా, అంగన్‌వాడీ అక్కలతో కలిసి మనం అర్జీ పెట్టాలి.

ఈ ముంగారుకు మన చేతిలో ఉన్న పని ఒకటుంది. విత్తనం వేసే రోజు కూలీల్లో కడుపుతో ఉన్న మనిషి ఉంటే ఆమెకు గింజ ఇవ్వొద్దు. అంతకు ముందే, మందు కలపని కాయలు వొలిచే పని ఇంటి నీడలో ఆమెకు ఇద్దాం. తొడుగులు వేసుకుని సాలు వెంట నడవడానికి మగవాళ్లకు కాళ్లున్నాయి. ఆమె కూలి మాత్రం పైసా తగ్గించొద్దు. తగ్గిస్తే మర్నాడు తన నెల దాచిపెట్టి మళ్లీ సాలులోకే వస్తుంది.