మూడో రోజు అడగాల్సిన ప్రశ్న

ఆపరేషన్ అనగానే మన ఇళ్లలో వచ్చే మొదటి మాట ‘ఇంకో రెండు రోజులు చూద్దాం డాక్టర్’. చాలా జబ్బుల్లో ఆ మాటతో నష్టం ఉండకపోవచ్చు. కానీ అల్సరేటివ్ కొలైటిస్ ముదిరి ఆస్పత్రిలో చేరినవారికి ఆ రెండు రోజులే ప్రాణం మీదికి తేవచ్చు.

పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు ఇది. ఎక్కువమందికి మందులతోనే అదుపులో ఉంటుంది. కొందరిలో మాత్రం ఒక్కసారిగా విజృంభిస్తుంది. రోజుకు 6 లేదా అంతకు మించి రక్త విరేచనాలు, వాటికి తోడు జ్వరమో, నాడి 90 దాటడమో, హిమోగ్లోబిన్ 10.5 కంటే తగ్గడమో ఉంటే తీవ్ర దశ అన్నట్టే. 1955లో బ్రిటన్ వైద్యులు ట్రూలవ్, విట్స్ చెప్పిన ఈ కొలమానమే నేటికీ ఆధారం. ఇలాంటివారికి నరం ద్వారా స్టెరాయిడ్ ఇస్తారు. సుమారు మూడింట రెండొంతుల మంది కోలుకుంటారు.

మిగతావారెవరో ముందే పసిగట్టవచ్చా? చాలావరకు పసిగట్టవచ్చు. స్టెరాయిడ్ మొదలుపెట్టిన మూడో రోజున విరేచనాలు 8 దాటినా, 3 నుంచి 8 మధ్య ఉండి సీఆర్‌పీ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటినా ప్రమాద సూచనే. అలాంటివారిలో 85 శాతం మందికి పెద్దపేగు తొలగించాల్సి వచ్చిందని 1996లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు తేల్చారు. ఇప్పుడు ఇన్‌ఫ్లిక్సిమాబ్, సైక్లోస్పోరిన్ లాంటి మందులు ఉన్నాయి కనుక అందరికీ ఆపరేషన్ తప్పదని కాదు. స్టెరాయిడ్ మీదే భారం వేసి కూర్చోవద్దన్న హెచ్చరిక మాత్రం అలాగే ఉంది. ఈ రెండో విడత మందులకూ గడువు ఉంది. వారం రోజుల్లోపు గుణం కనిపించకపోతే ఆపరేషనే దారి.

ఆలస్యమైతే పేగు ఉబ్బి చిల్లు పడవచ్చు. నీరసించిన ఒంటికి అప్పుడు చేసే ఆపరేషన్‌లో ముప్పు ఎక్కువ. అందుకే సర్జన్‌ను చివరి క్షణంలో కాదు, మొదటి రెండు మూడు రోజుల్లోనే పిలిపించాలన్నది నా అభిప్రాయం. సర్జన్ వచ్చి చూసినంత మాత్రాన కత్తి పట్టినట్టు కాదు.

ఇంటివాళ్లు చేయగలిగింది కూడా ఉంది. మంచం పక్కన ఒక కాగితం పెట్టి ప్రతి విరేచనాన్నీ, రక్తం పడిందో లేదో కూడా రాయండి. మూడో రోజు ఆ కాగితం చూపించి ‘సీఆర్‌పీ ఎంతుంది? తర్వాత ఏం చేద్దాం?’ అని అడగండి. ఈ లెక్క అల్సరేటివ్ కొలైటిస్‌కే. క్రాన్స్ జబ్బుకు వర్తించదు.

పొట్టకు సంచి తగిలిస్తారన్న భయం, పెళ్లి కావాల్సిన పిల్లలుంటే మరింత బెంగ సహజమే. చాలామందిలో తర్వాత చిన్నపేగుతోనే మలాశయం లాంటి తిత్తిని అమర్చి సంచి తీసేయవచ్చు. ఆపరేషన్ అంటే వైద్యం ఓడిపోయినట్టు కాదు, అదీ వైద్యమే. వేళకు జరిగితే ప్రాణం నిలబెడుతుంది.